ట్రాక్ పాడినవాడు

ఆ క్యాసెట్ అట్ట మీద గాయకుడిగా ఉన్న పేరు నాది. అందులో మొదటి పాట, ఆల్బమ్‌కి పేరుగా పెట్టుకున్న పాట, నేను పాడలేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఒకరు రికార్డింగ్ ఇంజనీరు. స్టూడియోలో జరిగింది బయట మాట్లాడే అలవాటు ఆయనకి లేదు. ఇంకొకరు పాడినవాడు. అతను చెబితే ఎవరూ నమ్మలేదు. మూడోవాణ్ణి నేను. నన్ను ఒకే ఒక్కసారి సూటిగా అడిగారు. నేను చెప్పలేదు.

ఈ మధ్య కొందరు పిల్లలు సొంతంగా ఆల్బమ్ చేసుకుంటూ నాకు ఫోన్ చేశారు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన ఆ పాత పాట విన్నారట. కొత్త వాయిద్యాలతో మళ్ళీ పాడుకుంటామని అడిగారు. బంజారా హిల్స్‌లో ఒక కాఫీ హోటల్లో విడుదల కచేరీ, నేను రావాలి. సరేనన్నాను. అప్పుడు వాళ్ళలో ఒకమ్మాయి, "సార్, చరణంలో ఆ పై స్వరం మీద ఒక్క ఊపిరితో అంతసేపు ఎలా నిలబడ్డారు? మేం ముగ్గురం ప్రయత్నించాం, మా వల్ల కాలేదు" అంది. రెండు రోజుల్లో చెబుతానని ఫోన్ పెట్టేశాను.

ఆ పాట పాడినతన్ని వెతుక్కుంటూ, అతను పనిచేసే పంజాగుట్టలోని చీరల దుకాణానికి వెళ్ళాను. పోయి ఎనిమిది నెలలైందన్నారు. గుండెపోటు. పరుపు మీద కూర్చుని చీర మడత పెడుతూ పక్కకి ఒరిగిపోయాడట. కొంటున్నవాళ్ళు అలసిపోయాడనుకున్నారట.

అతన్ని తలచుకుంటే నాకు గొంతు కన్నా ముందు కుడి చెయ్యి గుర్తొస్తుంది. పాడేటప్పుడు అరచెయ్యి కిందికి పెట్టి, కనపడని బట్టను సాపు చేస్తున్నట్టు గాల్లో మెల్లగా జరిపేవాడు. పాట పైకి వెళ్ళేకొద్దీ అందరి చేతులూ పైకి లేస్తాయి. అతని చెయ్యి ఇంకా కిందికి దిగేది. చెప్పులు స్టూడియో గుమ్మం బయటే వదిలేవాడు. రోజంతా పరుపు మీద పని చేసేవాడి అలవాటు అది. మైకు ముందు వట్టి కాళ్ళతో, కాలివేళ్ళు కాస్త ముడుచుకుని నిలబడేవాడు.

గొంతుల గురించి బట్టల భాషలోనే మాట్లాడేవాడు. నాతో, "నీది మంచి కాటన్ అన్నా. గంజి జర ఎక్కువైంది, అందుకే ఇరుగుతున్నది" అన్నాడు. ఒక వాక్యం నేను సరిగ్గా పాడలేకపోతే, "ఆడ మడత వడ్డది, మల్లొకపారి సాపు జెయ్యి" అనేవాడు. ఇంజనీరు నా గొంతుకి ప్రతిధ్వని ఎక్కువ కలిపితే అద్దంలోంచి చేతులు జోడించి, "సార్, గంత జరీ వద్దు. లోపల నేత కనవడుతలేదు" అని బతిమాలేవాడు.

మొదటిసారి నేనతన్ని చూసింది కూడా చీరల మధ్యనే. కాకినాడ నుంచి మా పెద్దమ్మ వస్తే కొనిపెట్టడానికి ఆ దుకాణానికి తీసుకెళ్ళాను. ఒక్కటీ ఆవిడకి నచ్చదు. అతను విప్పుతున్నాడు, మడుస్తున్నాడు, లోలోపల ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నాకు కొంచెం హార్మోనియం వచ్చు. ఆ రాగం గాల్లో లేదు, దేన్నో పట్టుకుని ఉందనిపించింది. శ్రుతి ఎక్కడిదని అడిగాను. తల ఎత్తకుండా పైనున్న ట్యూబులైటు చూపించాడు.

"చోక్ మోగుతున్నది సూడన్నా. మంచి పంచమం. గీ దుకాణంల నాకు అదే తంబూర."

పెద్దమ్మకి చిరాకేసింది. "ఏంటి బాబూ, చీరలు చూపించమంటే పాటలు పాడతావేంటి?"

"అమ్మా, మీరు నలభై చీరెలు సూసిన్రు. నేను ఒక్క పాటన్న పాడుకోవద్దా?"

ఆవిడ నవ్వేసింది. రెండు చీరలు కొంది. నేను అతని దగ్గర దుకాణం ఫోన్ నంబరు రాసుకుని వచ్చాను.

పాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. నాకు కావలసింది అది కాదు.

దుకాణం పదిన్నరకి తెరుస్తారు. అంతకుముందు పొద్దున్నపూట అతను స్టూడియోల్లో ట్రాక్‌లు పాడేవాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: అసలు గాయకుడు వచ్చేలోపు వాయిద్యగాళ్ళు వాయించుకోవడానికీ, గాయకుడు విని నేర్చుకోవడానికీ ఒకరు ముందుగా పాట పాడి పెడతారు. అదే ట్రాక్. గాయకుడు పాడాక దాన్ని చెరిపేస్తారు. వచ్చేది ఎవరో తెలిస్తే అతను వాళ్ళ గొంతులాగే, వాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో అక్కడే ఊపిరి తీసుకుంటూ పాడి పెట్టేవాడు. వాళ్ళకి సులువుగా ఉంటుందని. అందులో అతన్ని మించినవాడు లేడని ఇంజనీరు అనేవారు.

"నీ గొంతుతో నువ్వెప్పుడు పాడతావు?" అని ఒకసారి అడిగాను.

"ముగ్గేసే ముందు సుక్కలు వెడ్తరు గద అన్నా, గవే మేము. ముగ్గయినంక సుక్కలు ఎవలకు గావాలె?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అప్పుడు నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో జావా చెప్పేవాణ్ణి. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, బ్యాచ్‌కి వందమంది. కింద వీధిలో కరపత్రాలు కాళ్ళకి అడ్డం పడేవి. అందరూ ఎక్కడికో వెళ్ళిపోయే తొందరలో ఉన్న రోజులు. నాకు మాత్రం పాటల పిచ్చి. సినిమా పాట కాకుండా ఎవరైనా సొంతంగా చేసుకుంటే దాన్ని ప్రైవేట్ ఆల్బమ్ అనేవాళ్ళు. ఎనిమిది పాటలు రాసుకున్నాను, వరసలు కట్టుకున్నాను, నేనే పాడతానన్నాను. పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉన్న చిన్న స్టూడియో మాట్లాడుకున్నాను. ట్రాక్‌లకి అతన్ని పిలిచాను. ఎనిమిదీ నా గొంతులాగే పాడి పెట్టాడు. గంజి కూడా కలిపి.

ఏడు పాటలు ఎలాగో గట్టెక్కాను. మొదటి పాటలో చరణం నాకు అందలేదు. రెండు పొద్దులు పాడాను. మూడోనాడు ఇంజనీరు హెడ్‌ఫోన్ తీసి, "ఆ ఒక్క లైను ట్రాక్‌లోది ఉంచేద్దామా? మీలాగే ఉంది" అన్నారు. లైను ఉంచితే అతుకు వినపడింది. చరణం ఉంచాం. పల్లవి దగ్గర మళ్ళీ అతుకు. పది గంటలయ్యేసరికి పాటంతా అతనిదే మిగిలింది.

బయట టీ బండి దగ్గర అతను చల్లారిన టీ మీద మీగడ వేలితో తీసి సాసరు అంచుకి అంటిస్తున్నాడు. విషయం చెప్పాను. ఏమనుకుంటాడో అని నాకు లోపల బెరుకు.

"చెరపరా?" అన్నాడు.

"చెరపం. నువ్వు పాడిందే ఉంటుంది."

"ఇన్నేండ్లల చెరపకుంట ఉంచుడు ఇదే ఫస్టు అన్నా" అన్నాడు. కళ్ళు వేరేవైపు తిప్పుకున్నాడు. ఆ సంతోషం చూసి, నన్ను ఎవరూ అడగకుండానే మాటిచ్చాను. "మొదటి పాట పక్కన నీ పేరు వేస్తాను."

"పేరా?" అన్నాడు. టీ తాగడం మర్చిపోయి దుకాణానికి వెళ్ళిపోయాడు.

అట్ట అచ్చుకి ఇచ్చేటప్పుడు, "గాయకులు ఒకరా, ఇద్దరా?" అని డిజైన్ చేసేవాడు అడిగాడు. ఒకరే అన్నాను. అంత తేలిగ్గా అనేశాను. రోజూ నా క్లాసులోనే కుర్రాళ్ళు చెయ్యని ఉద్యోగాలు చేసినట్టు బయోడేటాలో రాసుకునేవాళ్ళు. వాటికి పొందికగా మాటలు సర్దిపెట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒక వాక్యం అటూ ఇటూ అయితే ఎవరి కొంప మునుగుతుంది అనే ధోరణి నాకు అక్కడే అబ్బిందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ పాటే అన్నిటికన్నా బాగుందని నాకు తెలుసు. అందుకే నాది కావాలనిపించింది.

అతని పేరు కృతజ్ఞతల్లో వేయించాను, అన్నిటికన్నా కింద. అట్ట చేతికిస్తే అతను బొటనవేలితో దాన్ని సాపు చేసి, చాలాసేపు చూసి, "అచ్చరం మంచిగ వడ్డది" అన్నాడు. చోటు సరిపోలేదన్నాను. "ఫికర్ జెయ్యకన్నా" అని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

విడుదల సభ ఒక ఆదివారం పొద్దున, పంజాగుట్టలోనే ఒక చిన్న హాల్లో. కుర్చీలు నిండటానికి మా బ్యాచ్‌లన్నిటికీ చెప్పాను. ముఖ్య అతిథిగా సినిమాలకి చేసే ఒక సంగీత దర్శకుడిని పిలిచాం. ఆయన వచ్చారు. ఏడు పాటలు నేనే పాడాను, పరవాలేదనిపించాను. మొదటి పాటకి మాత్రం సీడీ పెట్టించి, మైకు పట్టుకుని పెదవులు కదిపాను. అతను భార్యతో మూడో వరసలో కూర్చున్నాడు. పాట మధ్యలో ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె నా వైపు చూసింది, అతని వైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను కూడా నవ్వాడు. చరణం దగ్గర హాలంతా చప్పట్లతో మోగింది. నేను తల వంచి నమస్కారం పెట్టాను.

నాలుగైదు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కోచింగ్ సెంటర్ ఆఫీసు ఫోన్‌కి ఆ సంగీత దర్శకుడు ఫోన్ చేశారు. పాడటానికి పిలుస్తున్నారనుకున్నాను.

"చిన్న విషయమండీ. మా డ్రైవర్ తన బావని తీసుకొచ్చాడు, మంచి గాయకుడని. ఇతనేమో మీ ఆల్బమ్‌లో మొదటి పాట తనే పాడానంటున్నాడు. పాడి కూడా చూపించాడు, అచ్చం అలాగే ఉంది. కానీ ట్రాక్ పాడేవాళ్ళు ఎవరి గొంతైనా దింపేస్తారు కదా. ఆ రోజు నా ఎదురుగా మీరే పాడారాయె. ఏంటి సంగతి?"

ఆఫీసులో ఫీజు రసీదుల కోసం నిలబడ్డ పిల్లలు నన్ను చూస్తున్నారు. అవతల అతను అదే గదిలో ఉన్నాడని నాకు అర్థమైంది. "జర ఆయన్నే అడుగుండ్రి సార్, అన్న చెప్తడు" అని అతని గొంతు వినిపించింది. ఎవరి గొంతూ కాని, అతని సొంత గొంతు.

నేనన్నాను: "మా దగ్గర ట్రాక్ పాడాడండీ."

అందులో ఒక్క అబద్ధం లేదు. ఆయన, "అదీ సంగతి" అని నవ్వారు. అవతల ఇంకెవరో కూడా నవ్వారు. "మీరూ ఒకసారి వచ్చి కలవండి" అన్నారు. ఫోన్ పెట్టేశాను. క్లాసుకి వెళ్ళి ఆ రోజు పాఠం పూర్తి చేశాను.

తర్వాత నేను కలవడానికి వెళ్ళాను. ఆయన రెండు పాటలు పాడించుకుని చూసి, మళ్ళీ కబురు చేస్తామన్నారు. చేయలేదు. అతని బతుకు పణంగా పెట్టి నేను కొనుక్కున్నది ఆ అరగంట.

ఒకటి రెండేళ్ళకి నా పెళ్ళయింది. మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది, పాట మానేశాను. మా ఆవిడ పంజాగుట్టలో ఫలానా దుకాణమే కావాలంటే కాదనలేక వెళ్ళాను. అతని పరుపు దగ్గరే చోటు దొరికింది. నేను వెనక్కి తిరిగిపోదామనుకునేలోపు అతను చూశాడు.

"రాండ్రి సార్, కూసోండ్రి" అన్నాడు.

అంతకుముందెప్పుడూ నన్ను సార్ అనలేదు. గంటసేపు చీరలు చూపించాడు. మంచినీళ్ళు తెప్పించాడు. "మేడంకు గా ఆకుపచ్చది మస్తుంటది సార్" అన్నాడు. తిట్టలేదు, ఎత్తిపొడవలేదు. పైన ట్యూబులైటు మోగుతూనే ఉంది, అతను మాత్రం కూనిరాగం తీయలేదు. బయటికొచ్చాక, "పాపం, ఎంత ఓపికో" అంది మా ఆవిడ. ఆ తర్వాత నేను ఆ వైపు వెళ్ళాల్సివస్తే ఇంకో వీధిలోంచి వెళ్ళేవాణ్ణి. అలా చాలా ఏళ్ళు వెళ్ళాను.

అతను పోయాడని విన్న రోజే దుకాణంలో ఇంటి గుర్తులు అడిగి యూసుఫ్‌గూడ వెళ్ళాను. సన్న సందు, మొదటి అంతస్తులో రెండు గదులు. అతని భార్య కుట్టుమిషన్ మీద చీరలకి ఫాల్స్ కుడుతోంది. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు.

"మీరు ఆల్బం సార్ గద" అంది. కుర్చీ వేసింది. నేనేదో మొదలుపెట్టేలోపు తనే చెప్పుకుపోయింది. "మస్తు యాది జేసేటోడు మిమ్మల్ని. ఆఖరి దాంక ఒకటే మాట, గా పాట నేనే పాడిన అని. మేము నవ్వుతుంటిమి. ఎట్ల నమ్ముతం సార్? మీ నోరు ఆడుతుంటే నా కండ్లతోని సూసిన. కోపమొస్తే నేను సుత అన్న, ఓ ఆల్బం సింగరూ, పోయి కూరగాయలు పట్టుకరా అని. ఏమనకపోతుండె. సంచి పట్టుకొని పోతుండె."

"అది నిజమేనమ్మా" అన్నాను. "పాడింది ఆయనే."

మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. నా ముఖం చూసింది. నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని చూసిందనుకుంటాను. నిజం చెప్తే ఆమె సంతోషిస్తుందని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. ఆ ముఖం చూశాక తెలిసింది, ఆమె అతన్ని అన్న మాటలన్నీ నేను ఆ క్షణంలో ఆమెకి తిరిగి అప్పగించానని. ఇక వెనక్కి తీసుకోవడానికి అతను లేడు.

"ఇన్నేండ్లు ఏడ వోయిన్రు సార్?" అంది చివరికి.

కంగారులో, బంజారా హిల్స్ కచేరీ సంగతి చెప్పాను. మీరు రండమ్మా, స్టేజీ ఎక్కి అందరి ముందూ చెబుతాను అన్నాను.

"వద్దు. మల్ల స్టేజీ మీద మీరే ఉంటరు. నిజం జెప్పిండని మల్ల మీకే సప్పట్లు గొడ్తరు."

పత్రికకైనా రాస్తానన్నాను.

"రాస్తే రాసుకోండ్రి. ఆయన పేరు మాత్రం వెట్టకుండ్రి. మీ పేరు కింద ఆయన పేరు ఒక్కపారి సూసిన, సాలు."

అందుకే ఈ వ్యాసంలో అతని పేరు లేదు. ఆ పిల్లలకి మాత్రం ఫోన్ చేసి పాడింది నేను కాదని చెప్పాను. కచేరీకి వెళ్ళలేదు.

ఆ రోజు ఆ మాట అన్నాక ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "నాకు జెప్పుడు కాదు. మా అన్నకు జెప్పుండ్రి, గా సంగీతం సారు కారు నడిపినోడు. మా బావ నన్ను దొర ముంగట అబద్ధాలకోరును జేసిండని ఆనాటి సంది మా ఇంటి గడప తొక్కలే. సావుకు సుత వాడకట్టు మూల మీద నిలవడ్డడు, లోపలికి రాలే."

రెండు సందుల అవతల ఇల్లు. ఆమె ముందు, నేను వెనక. ఆ డ్రైవరు ఇప్పుడు సొంత కారు నడుపుకుంటున్నాడు. గేటు ముందు దాన్ని పైపుతో కడుగుతున్నాడు. తల నెరిసింది. చెల్లెల్ని చూసి నీళ్ళు కట్టేశాడు.

"అన్నా, గీ సారు నీకొక మాట జెప్తడట" అని ఆమె పక్కకి జరిగింది.

చెప్పాను. ఆ సంగీత దర్శకుడి ఫోన్ దగ్గర్నుంచి చెప్పాను, ఆయనకి మాత్రమే వినపడేంత గొంతుతో. ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ విన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"లోపల మా అమ్మ ఉన్నది" అన్నాడు. "అల్లుణ్ణి అందరికంటె ఎక్కువ ఆమెనే అన్నది. బంధువులల్ల ఏడ వోయినా గదే కత జెప్పి నవ్వించేది. ఆమెకు సరిగ్గ ఇనవడది. గుసగుస వెడ్తె కాదు. జర గట్టిగ జెప్పుండ్రి, వాడకట్టు ఇన్నా మంచిదే."

గుమ్మం లోపల మంచం మీద ముసలావిడ తల ఎత్తి ఎవరని చూస్తోంది. ఎదురింటి వాళ్ళు బాల్కనీలోకి వచ్చారు. నన్ను తీసుకొచ్చిన ఆమె నా ముఖం వైపు చూడలేదు, తల్లి వైపే చూస్తోంది. నేను గడప దగ్గర నిలబడి, గొంతు పెంచి అన్నాను:

"అమ్మా, మీ అల్లుడు అబద్ధం ఆడలేదు. ఆ పాట ఆయనే పాడాడు. నన్నడిగినప్పుడు నాకు తెలిసీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ మీ అందరి ముందూ ఆయన తల దించుకుని తిరిగింది నా వల్ల. నా తప్పుకి క్షమించమని ఆయన్నే అడగాల్సింది. ఆయన బతికుండగా రాలేదు. మిమ్మల్ని అడుగుతున్నాను."